కాథలిక్ కాలేజీ డిగ్రీ ఉద్యోగానికి పనికొస్తుందా?

"కాథలిక్ కాలేజీల్లో చదివినవాళ్ళకి తర్వాత ఉద్యోగాల్లో ఏమైనా కలిసొస్తుందా?" అని అడిగారు. కలిసొస్తుంది. కానీ అందరూ చెప్పే కారణం వల్ల కాదు.

విజయవాడ ఆంధ్ర లొయోలా పేరెత్తితే చాలు, వైఎస్ రాజశేఖరరెడ్డి అక్కడే చదివారంటారు. చెన్నై లొయోలా అంటే విశ్వనాథన్ ఆనంద్, మహేశ్ బాబు. ఆనంద్ బీకాం చదవకపోయినా చెస్ ఆడేవాడే కదా! ఈ లిస్టులు చూసి ఫీజులు కట్టకండి.

నేను బీకాం చేసింది సిస్టర్ల కాలేజీలో, హాస్టల్లో ఉండి. ఊరెళ్ళాలంటే లీవ్ లెటర్ ఇంగ్లీషులో రాసి వార్డెన్ సిస్టర్‌కి ఇవ్వాలి. ఒక సంక్రాంతికి నా లెటరు ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది. మళ్ళీ రాశాను. మళ్ళీ ఎర్ర ఇంకే. కింద మా నాన్నగారు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, బస్సు టైమైపోతోంది. "ఎందుకు వెళ్తున్నావు, ఎవరితో, ఎప్పుడొస్తావు. అది రాయి. నీ బాధలన్నీ నాకెందుకు?" అన్నారు సిస్టర్. మూడే వాక్యాలు రాసిస్తే గేట్ పాస్ చేతిలో పెట్టారు. దారంతా ఆవిడని తిట్టుకుంటూనే ఉన్నా.

తర్వాత ఉద్యోగం కోసం ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళా. ఓనరుగారు సర్టిఫికెట్ చూసి "క్రిస్టియన్సా అమ్మా? ఆదివారం రావేమో" అన్నారు. ఇంత బొట్టు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే! మనవాళ్ళకి ఈ అనుమానం ఎప్పటికి పోతుందో. మా క్లాసులో సగానికి పైగా హిందూ, ముస్లిం అమ్మాయిలమే. కాథలిక్ పిల్లలకి కాటెకిజం, అంటే వాళ్ళ మతపాఠాలు, మాకు ఆ పీరియడ్‌లో మోరల్ క్లాసు.

వానకి సరుకు తడిసిన క్లెయిమొకటి ఇన్సూరెన్సువాళ్ళు నెలల తరబడి తిప్పుతున్నారట. లెటరు రాయమన్నారు. అరపేజీలో రాసిచ్చా. మర్నాటి నుంచి రమ్మన్నారు. అలా మొదలై ఇప్పుడు క్లెయిమ్స్ మేనేజర్ని.

మా బ్యాచ్‌లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఒకమ్మాయి తనే సిస్టరై ఏజెన్సీలో స్కూలు చూసుకుంటోంది. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసినవాళ్ళే ఎక్కువ. అది కాలేజీ తప్పు కాదు. "కాన్వెంట్‌లో చదివిన పిల్ల కావాలి" అని పేపర్లో ప్రకటన వేయించి, తీరా కాపురానికొచ్చాక "ఇక ఉద్యోగమెందుకు?" అన్న అత్తగార్లది.

ఇప్పుడు లక్షలు పోసి చదివొచ్చిన కుర్రాళ్ళు నాకు "రెస్పెక్టెడ్ సార్" అని మెయిల్ పెడతారు. రెండు పేజీలు చదివినా క్లెయిము ఎంతో తెలియదు.

కాబట్టి మీ అమ్మాయిని చేర్పించండి, హాస్టల్లోనే వేయండి. డేస్కాలర్లకి లీవ్ లెటర్ గొడవ లేదు. వాళ్ళ ఇంగ్లీషు సంగతి నాకు తెలుసు.