సిగరెట్ మానకముందే ఆపరేషన్‌కు అప్పా?

ప్రశ్న: మేము గాజువాకలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. మా వారికి 39 ఏళ్లు, పరవాడలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. బరువు 128 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఐదేళ్లుగా షుగరు ఉంది, రాత్రిళ్లు గురక వల్ల సరిగా నిద్ర ఉండదు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమని సర్జన్ చెప్పారు. ఆసుపత్రి వారు 3.80 లక్షలు అవుతుందని అంచనా ఇచ్చి, మూడు వారాల తరువాత తేదీ రాశారు. బుకింగ్‌కు 10,000 కట్టాము. ఆపరేషన్‌కు కనీసం ఎనిమిది వారాల ముందు నుంచి సిగరెట్ ముట్టరాదని సర్జన్ అంటే, ఎప్పుడో మానేశానని మా వారు చెప్పేశారు. నిజానికి ఇప్పటికీ రోజుకు పది పన్నెండు కాలుస్తున్నారు, అందుకు రోజుకు 200 పోతోంది. మానేస్తే ఇంకా లావెక్కుతానని ఆయన వాదన. ఆయన జీతం చేతికి 58,000, ప్రైవేటు స్కూల్లో నా జీతం 14,000. అద్దె, పిల్లల ఫీజులు, స్కూటరు వాయిదా, ఇంటి ఖర్చులు కలిపి 52,000, అనకాపల్లిలో ఉన్న అత్తమామలకు 4,000, చీటీకి 5,000 వెళ్తాయి. ఎఫ్‌డీ 1.10 లక్షలు ఉంది. కంపెనీ వారి గ్రూపు పాలసీ 5 లక్షలకు ఉంది. పద్నాలుగు నెలల క్రితం సొంతంగా మరో పాలసీ తీసుకున్నాము. అందులో షుగరు సంగతి రాశాము గాని, పొగాకు దగ్గర ‘లేదు’ అని పెట్టమని ఏజెంటు చెప్పాడు. ఎఫ్‌డీ తీసేసి, మిగిలిన 2.70 లక్షలకు కొంత పర్సనల్ లోను, కొంత ఫోను యాప్‌లలో అప్పు తీసుకుందామని మా వారు అంటున్నారు. దానికంటే నా నగలు తాకట్టు పెట్టడం మేలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: నగలా, యాప్‌లా అన్నది తరువాత చూద్దాము. ముందు ఆసుపత్రికి ఫోను చేసి ఆ తేదీని వెనక్కి జరిపించండి. సర్జన్ చెప్పిన ఎనిమిది వారాలు మీ ఇంట్లో ఇంకా మొదలే కాలేదు, తేదీకి మాత్రం మూడు వారాలే ఉంది. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఇదే: ఆసుపత్రి కౌంటరులో తేదీ రాయించుకుని, ఆ తేదీకి అందేలా డబ్బు కోసం పరుగులు తీసి, ఆ పరుగులో మొదటి రోజే ఎఫ్‌డీని విరగ్గొట్టే కుటుంబాలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ప్రాణం మీదకు వచ్చిన గుండెపోటుకో, ప్రమాదానికో అలా చేస్తే ఎవరూ తప్పు పట్టరు. నెలల ముందే తెలిసిన, తేదీని మనమే ఎంచుకోగలిగిన ఆపరేషన్‌కు కూడా అలాగే చేయడం నాకు మింగుడు పడని విషయం.

ఎనిమిది వారాల నియమాన్ని సర్జన్ గారి చాదస్తంగా మీ వారు భావిస్తున్నట్లున్నారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. నికోటిన్ రక్తనాళాలను కుదించి గాయాన్ని త్వరగా మాననివ్వదు. మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల ఇబ్బందులు, తరువాత రక్తం గడ్డకట్టే ప్రమాదం, బైపాస్ పద్ధతిలో అయితే పొట్టను పేగుతో కలిపిన చోట పుండ్లు ఏర్పడే అవకాశం కూడా పొగ తాగేవారిలో ఎక్కువ. అమెరికాలోని బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే) సర్జన్ల సంఘం, మరికొన్ని వైద్య సంఘాలు కలిసి 2019లో సవరించిన మార్గదర్శకాలు వీలైతే ఏడాది ముందు, ఎంత తక్కువైనా ఆరు వారాల ముందు మానేయాలని చెబుతున్నాయి. మానేసిన మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగడం నిజమే గాని, ఆ సంగతి తెలిసే సర్జన్లు మానమంటున్నారు. ఆ భయాన్ని మీ వారు దాచుకోకుండా సర్జన్ గారితో చెబితే, ఆహారం విషయంలో ఏం చేయాలో ఆయనే చూస్తారు.

దీనికి డబ్బుతో ఉన్న సంబంధం ఇది. మానేశానని నోటితో చెప్పినా, నికోటిన్ శరీరంలో కోటినిన్‌గా మారి రక్తపరీక్షలోనో, మూత్రపరీక్షలోనో బయటపడుతుంది, చాలా చోట్ల ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్ష చేయిస్తారు. బయటపడితే తేదీ వాయిదా వేస్తారు, గడువు దాటిన పరీక్షలు మళ్లీ చేయించాలి. ఆపరేషన్ వాయిదా పడుతుంది గాని ఈఎంఐ వాయిదా పడదు. అప్పు చేతికి వచ్చిన మరుసటి నెల నుంచి కోత మొదలవుతుంది, వద్దనుకుని ముందే తీర్చేద్దామంటే దానికీ రుసుము అడిగే సంస్థలున్నాయి. పరీక్షలో బయటపడకపోతే నష్టం ఇంకా పెద్దది, అది డబ్బుతో తీరేది కాదు. అందువల్ల మీ వారు చేయవలసిన మొదటి పని, సర్జన్ దగ్గరకు వెళ్లి ఇంకా మానలేదని ఒప్పుకోవడం. మానడానికి మందులో, నికోటిన్ గమ్మో వాడవచ్చునా, గమ్ వాడితే కోటినిన్ పరీక్షను ఎలా చూస్తారు అన్నవి కూడా ఆయన్నే అడగాలి. ప్రభుత్వం వారి పొగాకు విముక్తి హెల్ప్‌లైన్ 1800-112-356 ఉచితం.

ఇక మీ ఇంటి లెక్క. ఇద్దరి జీతాలు కలిపి 72,000. ఇంటికి 52,000, పెద్దవారికి 4,000, చీటీకి 5,000, సిగరెట్లకు 6,000 పోగా నెలకు మిగిలేది 5,000 మాత్రమే. 2.70 లక్షలూ బ్యాంకు నుంచే 16 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో దొరికిందని అనుకున్నా, నెలకు సుమారు 9,500 కట్టాలి, మొత్తం వడ్డీ 72,000 దాకా అవుతుంది. మీ వారు సిగరెట్ పూర్తిగా మానేస్తే మిగులు 11,000 అవుతుంది గనుక వాయిదా పోగా 1,500 నిలుస్తుంది. మానకపోతే ప్రతినెలా 4,500 లోటు. అంటే ముప్పై ఆరు నెలల పాటు మీ ఇల్లు నడవడమంతా ఆయన ఇంకా మొదలుపెట్టని ఒక పని మీద ఆధారపడి ఉంటుంది. ఆ సమయానికి ఎఫ్‌డీ కూడా ఉండదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది ఆ చివరి మాటే. ఆసుపత్రి అంచనా అన్నది ఆపరేషన్ టేబుల్ ఖర్చు, ఇంటి ఖర్చు కాదు. డిశ్చార్జి అయ్యాక కొన్ని వారాలు మీ వారు డ్యూటీకి వెళ్లలేరు, సెలవులు చాలకపోతే జీతంలో కోత పడుతుంది. ప్రైవేటు స్కూళ్లు వేసవి సెలవులకు జీతం ఎలా ఇస్తాయో, అసలు ఇస్తాయో లేదో నాకంటే మీకే బాగా తెలుసు. మొదటి నెలల్లో ప్రొటీన్ పొడులు, ఆ తరువాత జీవితాంతం బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మాత్రలు, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు ఉంటాయి. డిశ్చార్జి తరువాతి ఖర్చులకు పాలసీలో రాసిన రోజుల గడువు దాటాక ఇవన్నీ మీ చేతి నుంచే పెట్టుకోవాలి. వేలాడే చర్మాన్ని సరిచేసే ఆపరేషన్ కావాలనుకుంటే, దానిని సౌందర్య చికిత్సగా చూసి బీమా సంస్థలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. కుట్ల దగ్గర ఏదైనా తేడా వచ్చి అర్ధరాత్రి తిరిగి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే, అడ్వాన్సుగా కట్టడానికి చేతిలో ఏముంటుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక, ఇంట్లో ఉన్న నోట్లతోనే బతికిన ఊరు మనది. అయినా అత్యవసర నిధి అనగానే ‘తరువాత చూద్దాం లెండి’ అనే వారే నాకు ఎక్కువగా ఎదురవుతారు.

సిగరెట్, చీటీ తీసేస్తే మీ ఇంటికి నెలకు తప్పనిసరిగా కావలసినది 56,000, చీటీతో కలిపి 61,000. మామూలుగా ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోమని చెబుతాను. మీ పరిస్థితిలో కనీసం మూడు నెలలది, అంటే సుమారు 1.80 లక్షలు చేతిలో లేకుండా మీ వారు ఆపరేషన్‌కు వెళ్లరాదు. ఇది అందుకోలేని మొత్తం కాదు. ఎఫ్‌డీని కదపకండి. ప్రతి నెలా జీతం పడిన రోజునే మీ 5,000తో పాటు సిగరెట్ల 6,000 కూడా వేరే ఖాతాకు బదిలీ అయ్యేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. నెలాఖరుకు మిగిలితే వేద్దాము అనుకుంటే ఏమీ మిగలదు. ఆరు నెలలకు 66,000, ఎఫ్‌డీతో కలిపి 1.76 లక్షలు. ఆ ఆరు నెలల్లోనే సర్జన్ కోరిన ఎనిమిది వారాలు మూడింతలుగా పూర్తవుతాయి. ఆలస్యం చేయడం ప్రమాదమని సర్జన్ గారే చెబితే మాత్రం నా లెక్క పక్కన పెట్టి ఆయన మాటే వినాలి, ఎనిమిది వారాలను మాత్రం తగ్గించుకోవద్దు. ఈ నిధిని మ్యూచువల్ ఫండ్లలోనో, షేర్లలోనో పెట్టమని ఎవరు చెప్పినా వినకండి.

మీ ఉత్తరంలో నాకు అంతుపట్టనిది, 5 లక్షల గ్రూపు పాలసీ ఉండగా దానిని ఒక్కసారైనా అడగకుండా అప్పు గురించి ఆలోచించడం. బరువు తగ్గే ఆపరేషన్‌కు బీమా రాదని చాలామంది అనుకుంటారు. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక నిబంధన ప్రకారం, వైద్యుని సలహాపై చేయించుకుంటూ, వయసు 18 నిండి, బీఎంఐ (ఎత్తుకు తగ్గట్టు బరువు ఎంత ఉందో చెప్పే సంఖ్య) 40 లేదా అంతకు మించి ఉంటే ఈ చికిత్స బీమా వర్తించని వాటి జాబితాలోకి రాదు. 35 నుంచి 40 లోపు ఉంటే అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు వంటివి తోడై, ఇతర పద్ధతులు ఫలించకపోయి ఉండాలి. మీ వారి బీఎంఐ 45 దాటింది. గ్రూపు పాలసీలలో వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిము ఇవ్వని తొలి కాలం) తరచుగా ఉండదు గాని, ఈ ఆపరేషన్‌ను కంపెనీ తన ఒప్పందంలో ఉంచిందా, పరిమితి ఎంత పెట్టింది అన్నది ఆ పాలసీ ప్రతిలోనే తెలుస్తుంది. హెచ్ఆర్ విభాగానికి ఈ వారమే ఈ–మెయిల్ పంపి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి, ఫోనులో ‘వస్తుంది సార్’ అంటే సరిపోదు. నిద్ర పరీక్ష రిపోర్టు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) ఫలితాలు, ఇంతకు ముందు డైటీషియన్ దగ్గరకు వెళ్లిన కాగితాలు ఒక ఫైలులో పెట్టుకుంటే ముందస్తు అనుమతి సులువవుతుంది.

సొంత పాలసీ ఈ ఆపరేషన్‌కు బహుశా పనికిరాదు. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వరకు వెయిటింగ్ పెట్టుకునే అధికారం సంస్థలకు ఉంది, మీకు పద్నాలుగు నెలలే అయింది. అయినా అందులోని అబద్ధాన్ని ఇప్పుడే సరిదిద్దాలి. ఏజెంటు ఏం చెప్పినా సంతకం మీ వారిదే. ఆపరేషన్ కేసు షీటులో వైద్యులు ‘పదిహేనేళ్లుగా రోజుకు పన్నెండు సిగరెట్లు’ వంటి మాట రాస్తే, రేపు ఏ క్లెయిముకైనా ఆ కాగితమే బీమా సంస్థ చేతికి వెళుతుంది. పాలసీ నిరంతరంగా 60 నెలలు నడిచే వరకు వాస్తవాలు దాచారన్న కారణంతో క్లెయిమును నిరాకరించే వీలు వారికి ఉంటుంది, ఆ తరువాత కూడా మోసం నిరూపిస్తే రక్షణ ఉండదు. (మన ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చేవారు, నిప్పున్న కొస నోట్లో ఉంచుకుని అడ్డపొగ పెట్టే పెద్దావిడలు తమను పొగతాగేవారుగా లెక్కించుకోరు. పాలసీ ఫారాలు సాధారణంగా అడిగేది ఏ రూపంలోనైనా పొగాకు గురించి గనుక, అత్తమామల పేరిట పాలసీ తీసుకునే వారు ఖైనీని కూడా దాచవద్దు.) సంస్థకు ఉత్తరం రాసి వివరాలు సరిచేయమనండి, ప్రీమియం పెంచితే కట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు గనుక భారం కొంత తేలికే. వారు పాలసీ రద్దు చేసే ప్రమాదం కూడా ఉందని తెలిసే ఈ మాట చెబుతున్నాను. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆ సంగతి బయటపడటం కంటే ఇప్పుడే తేలిపోవడం నయం.

టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) గురించి మీరు రాయలేదు. ఉంటే మంచిదే. లేకపోతే ఇంత బరువు, షుగరు ఉండి, ఆపరేషన్ ముందుండగా సంస్థలు వాయిదా వేయవచ్చు. పొగాకు మానేసి ఏడాది దాటితే పొగతాగనివారి రేటు అడిగే అర్హత సాధారణంగా వస్తుంది.

ఫోను యాప్‌ల సంగతి ఒక్కసారే చెబుతాను, మళ్లీ అడగవద్దు. ఆపరేషన్ ఖర్చు కోసం యాప్ అప్పు తీసుకోవడం శుద్ధ తెలివితక్కువతనం. రుసుములు ముందే కోసుకుని తక్కువ డబ్బు చేతికిస్తారు, గడువు వారాల్లో ఉంటుంది, ఒక యాప్ బాకీకి మరో యాప్‌లో అప్పు చేయడం రెండో నెలకే మొదలవుతుంది. యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను, కాల్ వివరాలను తీసుకోరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది, అయినా ఆ ఆదేశాన్ని లెక్కచేయని అనధికార యాప్‌లు ఇంకా ఉన్నాయి. కుట్లతో మంచం మీద ఉన్న మనిషికి, ఆయన పై అధికారికి, మీ స్కూలు హెడ్ మాస్టారికి వసూలు ఫోన్లు వస్తుంటే మీ ఇంట్లో ఎవరు కోలుకుంటారు? క్రెడిట్ కార్డు మీద కట్టి కనీస మొత్తం చెల్లిస్తూ పోవడం కూడా ఇదే కోవలోనిది.

గ్రూపు పాలసీ నిజంగా ఒప్పుకోకపోతే, అప్పుడు మీ నగలు. అవి కూడా బ్యాంకులోనే, కావలసినంతకే పెట్టండి. వడ్డీ వ్యాపారి కొట్టు వైపు చూడవద్దు. రిజిస్టర్డ్ చీటీ అయితే, ఆ నెల పాటలో తగ్గింపు మరీ ఎక్కువగా లేనప్పుడు పాడుకోవచ్చు. మీ వారి ఈపీఎఫ్‌లో అనారోగ్యానికి తీసుకునే వీలు ఉంటుంది, దానిని చివరికి ఉంచండి. ఈ మూడింటిలో ఏదైనా సరే, 1.80 లక్షల నిధి నిండిన తరువాతే, ఆ నిధిని ముట్టకుండా.

ఆసుపత్రిలో కట్టిన 10,000 గురించి: బుకింగ్ రద్దు చేయమని అడగకండి, సర్జన్ సూచన మేరకు తేదీ మార్చమని ఈ–మెయిల్ పంపండి. ఆ మొత్తం కొత్త తేదీకి సర్దుబాటు అవుతుందని, అంచనా ధర ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏయే పరీక్షలు మళ్లీ చేయించాలో అదే జవాబులో రాయించుకోండి. ఆసుపత్రి ఫైనాన్స్ డెస్కు వారు ఈఎంఐ కాగితాలు ఇచ్చి ఉంటే, సంతకం చేయకుండా తిరిగి ఇచ్చేయండి.