అమ్మానాన్న చికాగోలో విమానం మారాలంటే

అమెరికా నుంచి సెలవు మీద గుంటూరు వచ్చి మూడు వారాలైంది. నిన్న సాయంత్రం బ్రాడీపేటలో మా ఎదురింటి పిన్నిగారు టికెట్ కాగితాలు పట్టుకుని వచ్చారు. "శంషాబాద్ దాకా మా తమ్ముడు కార్లో దింపుతాడు బాబూ. పెద్ద విమానంలో ఎవరో ఒక తెలుగువాళ్లు కనబడకపోరు. చికాగోలో దిగి ఇంకో విమానం ఎక్కాలంటున్నాడు మావాడు. దానికే భయంగా ఉంది. మీ బాబాయిగారికి ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ వాళ్ల మాట అర్థం కాదు" అన్నారు.

ఆవిడ భయపడాల్సిన చోటే భయపడ్డారు. గన్నవరంలో పెట్టెలు వేస్తే ఢిల్లీలో దిగాక తీసుకోవడం మనకు అలవాటు. అమెరికాకు వెళ్లేటప్పుడు అలా కుదరదు. ఆ దేశంలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ అవ్వాలి, బెల్టు మీద నుంచి పెట్టెలు మనమే దించుకోవాలి, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. పెట్టె మీద చివరి ఊరి ట్యాగు ఉన్నా దించుకోవాల్సిందే. ఆ తర్వాత సెక్యూరిటీ మళ్లీ మొదటి నుంచి. చికాగో ఓహేర్‌లో బయటి దేశాల విమానాలు ఎక్కువగా ఐదో టెర్మినల్‌కు వస్తాయి. అక్కణ్ణుంచి ఎక్కాల్సిన అమెరికా లోపలి విమానం వేరే టెర్మినల్‌లో ఉంటే ఎయిర్‌పోర్టు రైలెక్కి వెళ్లాలి. అబుదాబి మీదుగా నేరుగా అమెరికా వచ్చేవాళ్లకు మాత్రం ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. టికెట్ ఇంకా కొనని పెద్దవాళ్లకు నేను ఆ దారే చెబుతుంటాను.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు, కొంచెం డబ్బు కలిసొస్తుందని లోపలి విమానం టికెట్ విడిగా కొన్నాను. మధ్యలో రెండున్నర గంటలుంది, చాలనుకున్నాను. ఇమ్మిగ్రేషన్ లైనులోనే గంటన్నర పైన పట్టింది. వాళ్లు రెండో విమానం కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి పెట్టెలు తీసుకునే టైము దాటిపోయింది. విడి టికెట్ కదా, మొదటి విమానం వాళ్లకు సంబంధం లేదు, రెండోవాళ్లకు బాధ్యత లేదు. కొత్త టికెట్ మర్నాడు ఉదయానికి దొరికింది. రాత్రంతా ఇద్దరూ కుర్చీల్లోనే ఉన్నారు. అమ్మ కన్ను మూయకుండా, పెట్టె హ్యాండిల్‌కు చీరకొంగు ముడేసుకుని కూర్చుందని తర్వాత నాన్న చెప్పాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే అమ్మానాన్నల్ని అమెరికా రప్పించుకునే పిల్లలందరికీ చెబుతున్నా. ఊరు చేరేదాకా ఒకే టికెట్ కొనండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లదే అవుతుంది. పెట్టెల లెక్క కూడా మొత్తం ప్రయాణానికి ఒకటే ఉంటుంది. విడిగా కొంటే చాలా లోపలి విమానాల్లో మొదటి పెట్టె నుంచే డబ్బు కట్టాలి. మధ్యలో నాలుగు గంటలు ఉంచండి. రాత్రి చివరి విమానం మాత్రం వద్దు, అది తప్పితే తెల్లారేదాకా దిక్కుండదు.

ఇక సెక్యూరిటీ. 2025 జూలై నుంచి మామూలుగా బూట్లు విప్పించడం లేదు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు మాత్రం ఇప్పటికీ చేతి సంచీలో పోనివ్వరు, మందులు తప్ప. పచ్చడీ నెయ్యీ కూడా వాళ్ల లెక్కలో ద్రవాలే. డ్యూటీ ఫ్రీలో సీసా కొంటే కస్టమ్స్ దాటాక పెట్టెలు చేతిలో ఉన్నప్పుడే అందులో సర్దేయడం మేలు. నాటుకోడి పచ్చడి, పచ్చి కరివేపాకు అసలు పెట్టొద్దు, కస్టమ్స్‌లోనే తీసేస్తారు.

స్కానర్‌లో చేతులు పైకెత్తి నిలబడాలి. చీర కుచ్చిళ్లు, కొప్పు, పిన్నీసులు ఉన్నచోట తెర మీద పసుపు గడి పడుతుంది. అప్పుడు ఆడ ఆఫీసరు వచ్చి అక్కడ చేత్తో తడిమి చూస్తుంది. అందరి ముందూ వద్దనుకుంటే గదిలో చూడమని అడగొచ్చు, మనవాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు. ఒక్కోసారి చిన్న గుడ్డముక్కతో అరచేతులు తుడిచి మెషిన్‌లో పెడతారు. అది పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం. ఇది ముందు చెప్పక మా అమ్మ తన మీదేదో నేరం మోపారనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. దయచేసి మీ అమ్మలకు ఫోన్లో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పండి. సుళువుగా ఉండాలంటే ఆ రోజుకు పంజాబీ డ్రెస్సు మేలు.

వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడొద్దు. దానికి చార్జీ లేదు. నడవలేనివాళ్లకే కాదు, అంత దూరం నడిస్తే మోకాళ్లు పట్టేసేవాళ్లు కూడా అడగొచ్చు. టికెట్ కొన్నప్పుడే చెప్పి, ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చేసి గుర్తుచేయాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపలి ఊళ్లకు వెళ్లే విమానం చిన్నదైతే చక్రాల పెట్టె పైన పట్టదు, విమానం తలుపు దగ్గరే తీసుకుని కింద వేస్తారు. బంగారం, మందులు, పాస్‌పోర్టులు, పవర్ బ్యాంకు అన్నీ భుజాన వేసుకునే సంచీలో ఉండాలి. పవర్ బ్యాంకు కింద వేసే పెట్టెలో ఉండటమే తప్పు.

చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు ఒక మాట. 2025 మే 7 నుంచి రియల్ ఐడీ నిబంధన అమలులో ఉంది, అంటే అమెరికా లోపలి విమానానికి కూడా ప్రభుత్వం ఒప్పుకున్న గుర్తింపు కార్డో పాస్‌పోర్టో చూపించాలి. యూనివర్సిటీ కార్డుతో లోపలి విమానం ఎక్కనివ్వరు. రూములో దాచుకోకుండా పాస్‌పోర్టు తీసుకెళ్లండి.

పిన్నిగారి టికెట్ చూశాను. ఒకే టికెట్టే గానీ చికాగోలో గంటా యాభై నిమిషాలే ఉంది. అక్కడికక్కడే వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. సాయంత్రం ఐదున్నరకు ఇంకో విమానం ఉందట, దానికి మార్పించి వీల్‌చెయిర్ కూడా రాయించాడు. పిన్నిగారు పెట్టెలకు చుట్టించడానికి ప్లాస్టిక్ తెప్పించారు. తనిఖీకి తెరవాలంటే కోసేస్తారు, వద్దన్నాను. ఎరుపు రిబ్బన్లు కడితే బెల్టు మీద గుర్తుపట్టడం తేలికని బాబాయిగారు అప్పటికప్పుడే బజారుకు బయల్దేరారు.