పక్క ఫ్లాట్ ఫిలిప్పీన్స్ ఆవిడకు ఏమివ్వాలి?

మీ కాన్పు సమయంలో పెద్దబాబును చూసుకున్న ఫిలిప్పీన్స్ ఆవిడ డబ్బు ఇస్తే పుచ్చుకోవడం లేదు, ఏమివ్వాలో తోచట్లేదు అన్నారు కదండీ. చీర, వెండి భరిణె వద్దు. వాళ్ళింట్లో ఓ మూల పెద్ద అట్టపెట్టె ఉందేమో చూడండి. దాన్ని బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు. దుబాయ్‌లో ఉండే ఆ తల్లులు నెలల తరబడి ఒక్కొక్కటే కొని దాన్ని నింపి, ఊళ్ళో అమ్మమ్మ దగ్గరున్న పిల్లలకు ఓడలో పంపుతారు. మీరిచ్చేది అందులో పడితే ఆవిడ కాదనరు.

సబ్బులు, టూత్‌పేస్టు, తువ్వాళ్ళు, చాక్లెట్లు, కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు మామూలు సరుకు. మీరు మాంసం ముట్టకపోతే డబ్బాల జోలికి పోకండి, ఎవరూ ఏమీ అనుకోరు. నన్నడిగితే పిల్లల బూట్లే మేలు. సైజు కోసం పాదాన్ని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, ఫొటో తీసి పంపమనండి; చాలామంది చేసేది అదే. వేలెడు జాగా వదిలి కొనండి, పెట్టె చేరేసరికి నెల దాటుతుంది. క్రిస్మస్‌కి అందాలంటే అక్టోబరులోపే బయల్దేరాలి.

ఒకే వస్తువు డజన్లకొద్దీ ఇవ్వకండి. ఏడాదికి లక్షన్నర పెసోల విలువ వరకు అక్కడి కస్టమ్స్ సుంకం వేయదు గానీ, అమ్మకానికి తెచ్చిన సరుకులా కనిపించకూడదు.

ఇవ్వడానికి రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళండి. ఫిలిప్పీన్స్‌లో టైము మన దుబాయ్ కంటే నాలుగు గంటలు ముందు కాబట్టి, సాయంత్రమంతా ఆవిడ పిల్లలతో వీడియో కాల్‌లోనే ఉంటారు.