అన్ని వంతెనలు ఎందుకంటే... మా అమ్మ అడిగినట్టు అడగండి

రాజమండ్రి దగ్గర గోదావరి మీద అన్ని వంతెనలు ఎందుకు, రైళ్లు నడవని పాత హేవలాక్ వంతెనను ఇంకా ఎందుకు ఉంచారు అని అడిగారు. నేను ఇంజనీర్ని కాను. ఒడిశాలో రాయగడ జిల్లా మునిగుడలో బట్టల కొట్టు నాది. "ఒడిశానా? తెలుగు భలే మాట్లాడుతున్నారే!" అనకండి. తాతల నాటి నుంచీ మా ఇంట్లో తెలుగే. రాజమండ్రి తాడితోటలో సరుకు కొన్న ప్రతిసారీ ఈ మాట విని విని విసుగొచ్చింది. అత్తారిది రాజమండ్రికి అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు కాబట్టి ఆ వంతెనల గురించి మాట్లాడే హక్కు నాకూ ఉందనుకుంటాను.

అన్ని ఎందుకని వంతెన తెగిన ఊరివాళ్లు అడగరు. 2017 జూలైలో నాగావళి, దాని వాగులు పొంగి, తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. రాయగడ మీదుగా వెళ్లే రాయపూర్ - విజయనగరం లైను అది, 1931లో పూర్తయింది. అమ్మకి ఆ వారమే విజయనగరంలో కంటి ఆపరేషన్. ఎప్పుడూ అయితే మునిగుడలో రైలెక్కి కూర్చుంటే దిగేది విజయనగరంలోనే. ఈసారి రాయగడ దాకా జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు మామూలు రేటుకి మూడింతలు అడిగాడు, ఇచ్చాను.

సగం దారిలో కాజ్‌వే మీద ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించాడు. ఏం చూస్తున్నావయ్యా అంటే, అవతలి గట్టు మీద గేదెల్ని తోలుకొస్తున్న కుర్రాళ్లని చూపించాడు. నీళ్లు గేదె మోకాలి దాకానే ఉంటే జీపు వెళ్తుంది, పొట్టకి తగిలితే వెళ్లదు. అదీ అతని లెక్క. మొదటి గేదె దిగింది. పొట్ట తడిసింది. రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. అమ్మ ఒళ్లో పెరుగన్నం క్యారేజీ, చేతిలో కంటి చుక్కల సీసా. ఊరికే కూర్చోలేక నేను కొవ్వూరు కబుర్లు చెప్పాను. అంతా విని అమ్మ అంది కదా, "గోదారి మీద నాలుగున్నాయంటావు. అందులో ఒకటి ఖాళీగానే పడుందంటావు. అదేదో మనకి పంపించీమనరా."

నవ్వుకున్నాం గానీ, అసలు జవాబు అందులోనే ఉంది. 1893లో ఈ తీరంలో రైళ్లు మొదలైనా గోదావరి దగ్గర దిగి పడవెక్కాల్సిందే. ఏడేళ్లు అదే గతి. 1897లో మొదలుపెట్టి 1900లో హేవలాక్ వంతెన పూర్తిచేశారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరది. 56 స్పాన్లు, ఒక్కటే పట్టాల జత. తర్వాత 74 ఏళ్లు మద్రాసు - కలకత్తా రైళ్లన్నీ ఆ ఒక్క దాని మీదే. అన్నేళ్లలో ఒక్క స్తంభం కుంగినా సగం దేశం గేదె పొట్టకేసి చూస్తూ కూర్చునేది.

అందుకే నా దృష్టిలో అసలు మొనగాడు 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన. కింద రైలు, పైన బస్సు. కింద గూడ్సు పోతుంటే పైన బస్సు సీటు గుండా వెన్నులోకి ఆ దడదడ తెలుస్తుంది. మా పెద్ద బావమరిది దాని మీద గుంతల్ని తిట్టకుండా ఒక్కసారీ దాటలేదు. జాయింట్ల దగ్గర ఆ ఎగుడుదిగుళ్లకి మా చిన్నాడు ఓసారి వాంతి చేసుకున్నాడు కూడా. అయినా సరే, దానికే నా ఓటు. జనం మాత్రం సెల్ఫీలు దిగేది దాని తర్వాత వచ్చిన ఆర్చి రైలు వంతెనతో. కాంక్రీటు విల్లులు 28, అందం కాదనను. హేవలాక్‌ది వయసైపోయి 1997లో రైళ్లు ఆపేస్తే ఆ భారం ఎత్తుకున్నది ఇదే. కానీ ఇది కట్టేటప్పటికి పక్కన ఇంకోటి నడుస్తోంది కాబట్టి నింపాదిగా కట్టుకున్నారు. ఆ నింపాది 74లో వచ్చిన దాని పుణ్యమే. 2015 పుష్కరాల నాటికి నాలుగోది, రోడ్డు వంతెన, వచ్చాక బస్సులకీ కాస్త ఊపిరాడింది.

మరి హేవలాక్‌ని ఎందుకు ఉంచాలంటే, ఆ రాతి స్తంభాలు ఇన్ని వరదలు చూసి ఇంకా నిలబడే ఉన్నాయి, వాటిని పీకడానికయ్యే ఖర్చుతో నడకదారి వేసుకోవచ్చు. ఇది నా లెక్కే, ఎవరూ చెప్పింది కాదు.

అమ్మ కన్ను బాగానే ఉంది, పది రోజులు ఆలస్యంగా ఆపరేషన్ చేశారు. కొవ్వూరు వెళ్లినప్పుడల్లా ఫోన్ చేసి అడుగుతుంది, "ఉందేట్రా ఇంకా, అమ్మేసినారా?"

ఉందమ్మా అంటాను. "అయితే అడిగి చూడు" అంటుంది.