ఒడిశాలోని గోపాలపూర్‌లో జాలర్లు తెలుగు ఎందుకు మాట్లాడతారు?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గోపాలపూర్ ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. సముద్రంలో చేపలు పట్టే మన వాడబలిజ కులంవాళ్లకు శ్రీకాకుళం నుంచి గోపాలపూర్ దాకా అంతా ఒకే ఒడ్డు. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు.

ఒకప్పుడు ఇక్కణ్ణుంచి రంగూన్‌కు స్టీమర్లు వెళ్లేవి. ఓడ లోతులో ఆగితే, జనాన్నీ సరుకునూ కెరటాల మీదుగా చేర్చింది ఈ జాలర్ల మసూలా పడవలే. వాటికి మేకులుండవు. పలకలను కొబ్బరితాడుతో కుడతారు, కెరటం కొట్టినా పడవ కాస్త వంగుతుందే గానీ పగలదు. ఎంత గొప్ప పనితనమో! 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక ఆ రాకపోకలు పోయాయి, రేవు సన్నగిల్లింది.

భాష మాత్రం నిలిచింది. పొద్దున్నే ఒడ్డుకెళ్లి చూడండి: వల దులుపుతూ కబుర్లు తెలుగులో, చేపల బేరం ఒడియాలో.