పాలిస్తుంటే నీళ్లు పోసుకోరా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పాపకు 8 నెలలు నిండాయి. నాకు ఇంకా ముట్టు రాలేదు. పాలిచ్చినంత కాలం నీళ్లు పోసుకోవడం ఉండదని మా అత్తగారు అంటున్నారు. నెలన్నరగా పొగాకు గ్రేడింగుకు వెళుతున్నాను; పగలంతా పాపకు ఆవిడే రాగిజావ, పప్పన్నం పెడుతున్నారు. ఆశా కార్యకర్త కాపర్-టీ వేయించుకోమంటున్నది గానీ, అది కడుపులోకి పోతుందని విని భయపడుతున్నాను. మరో రెండేళ్ల దాకా కాన్పు వద్దనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ అత్తగారి మాటను కొట్టిపారేయడానికి లేదు, కాకపోతే దానికి మూడు షరతులున్నాయి. బిడ్డకు 6 నెలలు నిండకూడదు, తల్లికి ముట్టు మొదలై ఉండకూడదు, రాత్రింబవళ్లు తల్లిపాలే తప్ప మరేదీ పట్టకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణను నమ్ముకోలేం. మీకు ఇప్పటికే రెండు తప్పాయి. ముట్టు రాలేదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే అండం విడుదలైన సుమారు రెండు వారాలకు గానీ ముట్టు కనిపించదు. కాన్పు తర్వాతి తొలి అండానికే గర్భం నిలిస్తే, ముట్టు రాకపోవడం పాల వల్లేననుకుని నెలల తరబడి గుర్తించని తల్లులున్నారు.

కాబట్టి ముందు గర్భ నిర్ధారణ పరీక్ష చేసుకోండి. ఆ కిట్టు ఆశా కార్యకర్త దగ్గరే దొరుకుతుంది. ఈ మధ్యే నిలిచిన గర్భం వెంటనే బయటపడదు గనుక, లేదని తేలినా మూడు వారాలు నిరోధ్ వాడి మళ్లీ పరీక్షించుకోవడం మంచిది.

ఇక మీ భయం. అన్నం పోయే కడుపు వేరు, కాపర్-టీ ఉండే గర్భసంచి వేరు. వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకోవడం, తర్వాత జారిపోవడం అరుదుగా జరుగుతాయి. నెల తర్వాత ఒకసారి చూపించుకోమనేది అందుకే. 380ఏ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది. కావాలనుకున్నప్పుడు తీయించుకుంటే గర్భధారణకు ఆలస్యం ఉండదు. గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా పాలను తగ్గించదు, కానీ మానేశాక మళ్లీ గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు. ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. పనుల హడావుడిలో మరిచిపోయేవారికి నేను సూచించను.

మీకు కాపర్-టీయే నయమని నా అభిప్రాయం. అయితే వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. బాగా తక్కువగా ఉంటే, కాపర్-టీతో మొదటి నెలల్లో ముట్టు ఎక్కువగా అయ్యే అవకాశముంది కనుక, అంతర గురించి డాక్టరుగారిని అడగండి.