చెన్నై బోర్డు చూసి థాయ్ టైపింగ్

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై జార్జిటౌన్‌లో ఒక ఎగుమతుల ఆఫీసులో పనిచేస్తున్నాను. బ్యాంకాక్ కొనుగోలుదార్ల కోసం థాయ్ నేర్చుకున్నాను. చదవడం, చేత్తో రాయడం వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం అక్షరాలు దొరకవు. తెలుగులాగా దీన్ని ఇంగ్లిషు అక్షరాలతో కొట్టవచ్చా? కీబోర్డు మీద స్టిక్కర్లు అతికించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: రెండూ వద్దమ్మా. థాయ్‌లాండ్‌లో ఎక్కడ చూసినా ఉండేది కేత్‌మనీ అనే అమరిక. విండోస్ భాషల్లో థాయ్ చేర్చుకుంటే అదే వస్తుంది. పట్టచోట్ అని ఇంకొకటి కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకండి.

మన చేతులు తడబడేది అచ్చుల దగ్గర. ఆఫీసుకు వెళ్లే దారిలో తమిళ బోర్డు మీద 'చెన్నై' చూడండి. ఎత్వం చకారానికి ఎడమన, ఐత్వం నకారానికి ఎడమన ఉంటాయి. అయినా ఫోనులో తమిళం కొట్టేటప్పుడు హల్లే ముందు కొడతాం, గుర్తు తనంతట తాను ఎడమకు జరుగుతుంది. థాయ్‌లో ఆ సౌకర్యం లేదు. కంటికి ముందు కనిపించేదాన్నే ముందు కొట్టాలి. చెన్నైని థాయ్‌లో రాసినా ఆ రెండు అచ్చులూ ఎడమనే ఉంటాయి. కీలు వరసగా: జి, సున్నా, ఓ, డబ్ల్యూ, ఓ. దీంతోనే మొదలుపెట్టండి.

'ఏ' గుర్తు జి మీద ఉంది. 'బ్యాంకు'లో పలికే అచ్చు లాంటిదానికి వేరే కీ ఉంది, అది సి మీద. చూడటానికి అది రెండు 'ఏ' గుర్తులు పక్కపక్కన పెట్టినట్టే ఉంటుంది. బ్యాంకాక్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను జి రెండుసార్లు కొట్టి సరిపెట్టేదాన్ని. కాగితం మీద తేడా ఏమీ లేదు. వారం తర్వాత జాబితాలో ఒకాయన పేరు వెతికితే కంప్యూటర్ లేదంటుంది. పేరేమో కళ్లెదుటే ఉంది! పక్క సీటు ఆవిడ వచ్చి, ఆ అచ్చు వెనక కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కింది. సగమే చెరిగింది. మధ్యాహ్నమంతా ఆ జాబితా దిద్దుతూ కూర్చున్నాను.

గొంతు హెచ్చుతగ్గులు చెప్పే స్వరం గుర్తును హల్లు నెత్తిన ఉండే అచ్చు తర్వాతే కొట్టాలి, చేత్తో రాసినట్టే.

స్టిక్కర్లు అంటిస్తే కళ్లు కిందికే పోతాయి. కీబోర్డు పటం అచ్చు తీసి స్క్రీను పక్కన పెట్టుకోండి. అక్కడి పిల్లల మొదటి పాఠం ఎడమ చేత్తో ఫ, హ, క, ద. కుడి చేత్తో ఒక స్వరం గుర్తు, ఆ, స, వ. రోజూ 20 నిమిషాలు అదే కొట్టండి. ఎవరూ వాడని రెండు హల్లులు కూడా తగులుతాయి, కంగారుపడకండి. 1892లో ఎడ్విన్ మెక్‌ఫార్లండ్ తయారు చేయించిన మొదటి థాయ్ టైపు మిషనులో చోటు చాలక వదిలేసినవి అవి. 44 హల్లులు వల్లించేటప్పుడు మాత్రం ఇప్పటికీ లెక్కలో ఉన్నాయి.

అంకెల వరస నిండా అక్షరాలే కాబట్టి, పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డు ఆఫీసులో అడిగి తీసుకోండి. 250 పెట్టెలు అని కొట్టబోయి ఒక ఏటవాలు గీత, ఒక థ, ఒక చ పంపిన రోజు నాకూ ఉంది.